నది మీద అరగంట చాలదు

మన రాష్ట్రంలోని నదుల మీద, జలాశయాల మీద పడవలు నడిపించే బాధ్యత చూస్తున్న అధికారులకు,

నమస్కారం.

నేను హైదరాబాదులో, వనస్థలిపురంలో ఉంటాను. బడిలో ఏడో తరగతి పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతాను. కిందటి కార్తీకంలో ఒక గురువారం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా మా కుటుంబం ఏడుగురం సోమశిల దగ్గర కృష్ణా నది మీద ఉన్నాం. ఏడున్నర గంటలు. ఆ సమయం మాకు టిక్కెట్టు కొంటే దొరికింది కాదు. పడవ నడిపే మనిషి మంచితనం వల్ల, ఆ రోజు ఆయనకు వేరే బేరం లేకపోవడం వల్ల దొరికింది. అలా కలిసొచ్చి మాకు దక్కిన రోజు, అడిగిన ప్రతి ఇంటికీ దక్కేలా చేయమని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మకు డెబ్బై రెండేళ్లు. పుట్టింది, పెరిగింది కొల్లాపురం వైపు కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊళ్లో. ఆ ఊరు ఇప్పుడు లేదు. శ్రీశైలం ప్రాజెక్టు కింద ఇటు పాలమూరు జిల్లాలో, అటు కర్నూలు జిల్లాలో మునిగిపోయిన వంద వరకు ఊళ్లలో అదీ ఒకటి. 1981 వేసవిలో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు తాతయ్య ఇంటి దూలాలు, తలుపులు విప్పుకుని ఎడ్లబండి మీద వేసుకుని వచ్చేశాడు. అమ్మకు అప్పటికే పెళ్లయింది, అన్నయ్య కడుపులో ఉన్నాడు. ఆ తలుపుల్లో ఒకటి ఇప్పటికీ దిల్‌సుఖ్‌నగర్‌లో మా అన్నయ్య ఇంట్లో పూజగదికి ఉంది. కొత్తగా కట్టిన గదికి అది రెండంగుళాలు పొట్టి. అయినా వదిన దాన్ని మార్చనివ్వలేదు.

ఆ తర్వాత అమ్మ అటువైపు మళ్లీ వెళ్లలేదు. మేం ఎప్పుడైనా తీసుకెళతామంటే, "అక్కడ ఇప్పుడేముంది, నీళ్లే కదా" అనేది. అలాంటి మనిషి ఈసారి కార్తీకం రాగానే తానే అడిగింది: "వనభోజనానికి కృష్ణ ఒడ్డుకు పోదామా?" అని. ఎందుకని మేం అడగలేదు. సెలవు పెట్టుకున్నాం, అంతే.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డెక్కి, కల్వకుర్తి, నాగర్‌కర్నూలు, కొల్లాపురం మీదుగా ఎనిమిదిన్నరకు సోమశిల చేరాం. నీళ్లు మింగేయకుండా ఒడ్డు మీదకు తెచ్చి మళ్లీ కట్టిన సోమేశ్వరుడి గుడిలో దీపం పెట్టుకుని రేవులోకి దిగాం. నది నిండుగా ఉంది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులని నేను పిల్లలకు ఏటా చెబుతాను. ఆ అంకె అర్థమేమిటో నాకు ఆ ఉదయమే తెలిసింది. కనుచూపు మేర నీళ్లు, నీళ్లకు అవతల నల్లమల. మధ్యలో నిలబడిన కొండలు ఒకప్పుడు మా అమ్మ వాళ్లు పశువుల్ని తోలుకెళ్లిన కొండలు. ఇప్పుడవి మెడ దాకా నీళ్లలో ఉన్నాయి.

రేవులో పడవలన్నీ అరగంట లెక్కకే తిరుగుతాయి. నది మధ్య దాకా తీసుకెళ్లి, ఒక చుట్టు తిప్పి, ఫొటోలు తీసుకోనిచ్చి తెచ్చి దింపుతారు. ఆదివారమైతే జనం ఎక్కువ కాబట్టి అది ఇంకా తగ్గుతుందట. నడిపేవాళ్లను నేను తప్పుపట్టను. డీజిలు ఖర్చు వాళ్లది, పిల్లల చదువులు వాళ్లవి, ఎన్ని బేరాలు తిప్పితే అంత. మా పడవ ఆయనతో అమ్మే మాట కలిపింది.

"మీది ఏ ఊరు నాయనా?"

"ఊరు నీళ్ల కింద ఉంది పెద్దమ్మా. నేను పుట్టింది మాత్రం పునరావాస కాలనీలో."

అమ్మ ఆయన తండ్రి పేరు అడిగింది. తాత పేరు అడిగింది. తాత పేరు చెప్పగానే, "చింతచెట్టు కింద వలలు అల్లేవాడు, ఆయన మనవడివా నువ్వు?" అంది. ఆ మాట తర్వాత అరగంట లెక్క పోయింది. ఆయన సాయంత్రం దాకా ఇంతని ఒక మొత్తం చెప్పాడు, అన్నయ్య ఒప్పుకున్నాడు, పడవ కదిలింది.

పడవ ఎక్కడం దగ్గరే మాకు మొదటి కష్టం వచ్చింది. ఒడ్డుకు, పడవకు మధ్య జానెడు వెడల్పు పలక. దాని మీద మా మేనల్లుడు పరుగెత్తాడు, ఆరేళ్ల మా పాప నవ్వుతూ నడిచింది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ మాత్రం పలక మీద కూర్చుని, చేతులు ఆనించుకుంటూ జరిగింది. తన నది మీదకు తాను అలా వెళ్లాల్సి రావడం చూసి వదిన మొహం పక్కకు తిప్పుకుంది. రెండో కష్టం లైఫ్ జాకెట్లది. ఆయన పట్టుబట్టి అందరికీ తొడిగించాడు, అది మెచ్చుకోవాలి. అయితే ఆయన దగ్గరున్నవన్నీ పెద్దవాళ్ల కొలతవి. పాపకు తొడిగి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్టు చేతికొచ్చింది, పాప కిందే ఉంది. మా ఆయన తువ్వాలు తీసి కాళ్ల మధ్య నుంచి కట్టి, రోజంతా పాప చేయి వదలకుండా కూర్చున్నారు. పిల్లల జాకెట్టుకు కాళ్ల సందున వచ్చే పట్టీ ఉండాలి. అది లేకపోతే నీళ్లలో పడిన పిల్ల కిందికి జారిపోతుంది, జాకెట్టు ఒక్కటే పైన తేలుతుంది.

ఈ రెండు కష్టాలూ రేవులోనే తీరిపోయాయి. ఇక రోజు గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే నేను దేని కోసం అడుగుతున్నానో మీకు తెలియాలి.

మొదటి అరగంట మేమూ అందరిలాగే ఉన్నాం. ఫొటోలు తీసుకున్నాం, ఇంజను చప్పుడు మీద అరుచుకుంటూ మాట్లాడుకున్నాం, అటు చూడు ఇటు చూడు అని ఒకరినొకరు పిలుచుకున్నాం. టిక్కెట్టు మీద వచ్చేవాళ్లు సరిగ్గా ఇక్కడికి రాగానే దిగిపోతారు. ఆ తర్వాతే నది మొదలవుతుందని నాకు అనిపించింది. గంట గడిచేసరికి ఎవరికీ మాట్లాడాలని లేదు. మేనల్లుడి ఫోనుకు సిగ్నలు పోయింది. కాసేపు దాన్ని గాలిలోకి ఎత్తి పట్టుకున్నాడు, తర్వాత జేబులో పెట్టేశాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడు చేయి నీళ్లలో వదిలి అలా కూర్చోవడం వాడి చిన్నప్పటి తర్వాత నేను చూడలేదు.

రెండు కొండల సందులోకి వెళ్లాక పడవ ఆయన ఇంజను ఆపేశాడు. చెప్పకుండా ఆపాడు, మేం అడగలేదు. ఆ నిశ్శబ్దం మాకు ఒక్కసారిగా అందలేదు, కొంచెం కొంచెంగా వచ్చింది. ముందు పడవ అడుగున నీళ్లు తగిలే చప్పుడు. తర్వాత ఎక్కడో చేప ఎగిరిపడిన చప్పుడు. నీళ్లలోంచి పొడుచుకొచ్చిన ఎండు మోడు మీద ఒక నీటికాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటోంది. దాని రెక్క విదిలింపు కూడా వినిపించింది. ఒక లకుముకిపిట్ట మా ముందు నుంచే దూకి, చేపతో లేచి, ఒడ్డు మీది కొమ్మకు కొట్టుకుని తినేసింది. పాప గుసగుసగా, "అమ్మా, ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదా?" అని అడిగింది. ఎవరూ దానికి చెప్పలేదు. దానికే తోచింది.

అమ్మ అప్పుడు మాట్లాడింది. అవతలి కొండల వరస చూపించి, "ఆ రెండు కొండల నడుమ ఒంటెమూపురంలా ఉంది చూశారా, మా ఇంటి అరుగు మీద కూర్చుంటే అది సూటిగా ఎదురుగా కనిపించేది" అంది. పడవ ఆయన గడ చేతికి తీసుకుని, ఇంజను వేయకుండా, ఆ మూపురం సూటిగా ఎదురయ్యేదాకా పడవను మెల్లగా జరిపాడు. "ఇంకొంచెం... ఇంకొంచెం ఎడమకు... ఆఁ, ఇక్కడే" అంది అమ్మ. కింద ఎంత లోతుందో తెలియదు. చుట్టూ అంతా ఒకేలా ఉన్న ఆకుపచ్చటి నీళ్లు. ఆ చోట మా తాతయ్య ఇల్లు ఉంది.

అమ్మ ఏడవలేదు. సంచిలోంచి పసుపు, కుంకుమ తీసి నీళ్లలో వదిలింది. తర్వాత చిన్నప్పటి కబుర్లు మొదలుపెట్టింది. నలభై ఏళ్లలో మాకు ఎప్పుడూ చెప్పనివి. పుట్టిలో నది దాటి అవతలి ఒడ్డు జాతరకు వెళ్లేవాళ్లట. వెదురు అల్లి, పైన తోలు కప్పిన గుండ్రటి పుట్టి. తెడ్డు వేయడం తెలియనివాడు ఎక్కితే అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది తప్ప ముందుకు పోదు. అమ్మ పదేళ్లప్పుడు తెడ్డు లాక్కుని వేయబోతే అలాగే తిరిగిందట, ఒడ్డు మీద మేనత్త చీర కొంగు నోట్లో పెట్టుకుని నవ్విందట. ఎండాకాలం నది పాయలుగా విడిపోతే ఇసుకలో దోసపాదులు పెట్టేవాళ్లట. ఇవన్నీ అమ్మకు వనస్థలిపురంలో గుర్తురాలేదు. గుర్తొచ్చినా చెప్పడానికి మేం అంతసేపు కదలకుండా కూర్చోలేదు.

మధ్యాహ్నం ఒక గట్టు పక్కన లంగరు వేసి భోజనాలు చేశాం. జొన్నరొట్టెలు, వంకాయ కూర, చింతకాయ తొక్కు, పులిహోర, పెరుగన్నం. ఆచారానికి ఉసిరి కొమ్మ కూడా ఇంటి దగ్గర నుంచే తెచ్చుకుని పడవ మధ్యలో పెట్టాం. వనభోజనానికి ఉసిరిచెట్టు నీడ ఉండాలి కదా, కొమ్మ నీడైనా నీడే అంది అమ్మ. పడవ ఆయనా మాతోనే తిన్నాడు. తినేటప్పుడు పాప అడిగింది: "ఈ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి?"

నేను పాఠం చెప్పే మనిషిని కాబట్టి నోటికి సమాధానం వచ్చేసింది. శ్రీశైలం ఆనకట్ట దాటి నాగార్జునసాగర్ చేరతాయి, సాగర్ వెనుక పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లికి తెస్తారు, కోదండాపురంలో శుద్ధి చేస్తారు, అక్కడి నుంచి గొట్టాల్లో హైదరాబాదుకు వస్తాయి. "అంటే మన కుళాయిలోకా?" అంది పాప. అవును, మన కుళాయిలోకే. 2004లో ఈ తాగునీటి పథకం మొదటి దశ నీళ్లు నగరానికి వచ్చాయి. అంతకుముందు కుళాయి ఎప్పుడొస్తుందా అని బిందెలు పట్టుకుని ఎదురుచూసిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ఇరవై ఏళ్లుగా మా వంటింట్లో పప్పు ఉడుకుతున్నది మా అమ్మ ఊరిని ముంచిన నీళ్లతోనే అన్న మాట ఆ క్షణం దాకా మాలో ఎవరికీ తట్టలేదు. అమ్మకు తట్టింది. "పోనీలే, ఊరికే పోలేదు" అంది.

తాగిన నీళ్లు అక్కడితో ఆగవు. మనం వాడి వదిలినవి కాలువల వెంట మూసీలో పడతాయి. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే కలుస్తుంది. అంటే కృష్ణ నుంచి తెచ్చుకున్నది కృష్ణకే తిరిగి ఇస్తున్నాం, ఏ స్థితిలో ఇస్తున్నామో చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకునే ప్రతి ఒక్కరికీ తెలుసు. నేను ఏడాదికి రెండు తరగతులకు నదుల పాఠం చెబుతాను. పడవ ఎక్కి నది మీద ఒక గంటైనా గడిపినవాళ్లు చేతులెత్తండి అంటే తరగతికి ముగ్గురో నలుగురో ఎత్తుతారు. మిగిలినవాళ్లు నదిని బస్సు కిటికీలోంచి, వంతెన దాటుతున్నంత సేపు చూసినవాళ్లు. ఇంత పెద్ద నగరం ఒక నది మీద ఆధారపడి బతుకుతూ, ఆ నది మొహం ఎరగకుండా బతుకుతోంది. నన్ను బాధపెట్టేది ఇదే. మీకు రాయడానికి నన్ను కూర్చోబెట్టింది కూడా ఇదే.

నగరంలోనే పడవలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దాకా పడవలో వెళ్లి రావడం మా చిన్నప్పుడు పెద్ద పండుగ. పోయినేడాది పాప పుట్టినరోజుకు నగరంలో ఒక చెరువుకు వెళ్లాం, ఎక్కడో చెప్పను. నలభై నిమిషాలు వరసలో నిలబడితే పన్నెండు నిమిషాలు తిప్పారు. ఆ పన్నెండు నిమిషాలూ పడవలో పెట్టెలు బిగించి పాటలు మోగించారు. పాప ఏదో చూపించి చెబుతూనే ఉంది, నాకు పెదవులు కదలడమే కనిపించింది. ఒడ్డుకు రాగానే ఈల వేసి దించేశారు. ఆ రోజు పాప నీళ్ల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సోమశిలలో సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది. పిల్ల అదే, పిల్లకు దొరికిన సమయం, చుట్టూ ఉన్న చప్పుడు వేరు.

అందువల్ల నేను మొట్టమొదట అడిగేది సమయం. సోమశిల నుంచి శ్రీశైలానికి, సాగర్ నుంచి శ్రీశైలానికి నీళ్లు ఉన్న నెలల్లో లాంచీలు నడుపుతున్నారు. అది మంచి పని, నల్లమల మధ్య నుంచి అలాంటి ప్రయాణం మరెక్కడా దొరకదు. అయితే అది ఒక చోటికి చేరడానికి చేసే ప్రయాణం, వందమందితో కలిసి చేసేది. దాని పక్కనే ఒక కుటుంబానికి, ఒక స్నేహితుల గుంపుకు, ఎనిమిది పదిమంది పట్టే చిన్న పడవ పూట లెక్కన, రోజు లెక్కన ఇచ్చే ఏర్పాటు చేయండి. ఎక్కడికీ చేరనక్కర్లేదు. ధర ఎంతో మీరే నిర్ణయించి రేవులో బోర్డు మీద రాయండి. పడవవాడికి నాలుగు బేరాలు తిప్పితే వచ్చేదానికంటే తక్కువ రాకుండా చూడండి. వారం మధ్యలో రేవులు ఖాళీగా ఉంటాయి, అప్పుడు ధర తగ్గిస్తే పింఛను మీద బతికే పెద్దవాళ్లు కూడా రాగలరు. నీటిమట్టం ఇంత ఉంటే పడవలు తిరుగుతాయి, ఇంతకు తగ్గితే తిరగవు అన్నది ముందుగానే ప్రకటించండి. హైదరాబాదు నుంచి సెలవు పెట్టుకుని, పెద్దవాళ్లను, పిల్లలను వెంటేసుకుని నూట ఎనభై కిలోమీటర్లు వచ్చేవాళ్లకు అది చాలా అవసరం.

పాటల పెట్టెలు పడవల మీద నుంచి తీసేయించండి. పాటలంటే నాకూ ఇష్టమే. అమ్మ ఆ రోజు తిరుగు ప్రయాణంలో నాట్ల పాట ఒకటి పాడింది, మేమంతా గొంతు కలిపాం. మనుషులు పాడుకోవడం వేరు. ఇంకెవరో మోగించేది బలవంతాన వినడం వేరు. అలాగే ప్రతి పడవ ప్రయాణంలోనూ, అరగంటదైనా సరే, ఐదు నిమిషాలు గాలి లేని చోట ఇంజను ఆపాలని ఒక నియమం పెట్టండి. దానికి రూపాయి ఖర్చు లేదు. ఆ ఐదు నిమిషాల కోసం మళ్లీ వచ్చేవాళ్లుంటారు, నాకు నమ్మకముంది.

భద్రత గురించి నేను మీకు చెప్పేదేముంది. 2017 నవంబరు 12న కృష్ణలో విజయవాడ పక్కన ఫెర్రీ రేవు దగ్గర, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవలు మునిగి ఏం జరిగిందో తెలుగువాళ్లెవరం మరిచిపోలేదు. కచ్చులూరులో 50 మందికి పైగా పోయారు, వాళ్లలో మన హైదరాబాదు నుంచి, వరంగల్ నుంచి సరదాగా బయలుదేరి వెళ్లిన కుటుంబాలున్నాయి. వరద మీదున్న నదిలోకి పడవ వెళ్లకూడదు, ఎంత బతిమాలినా వెళ్లకూడదు. ఆ కట్టడి ఎంత గట్టిగా ఉంటే మాకు అంత మంచిది. ప్రతి రేవులో పిల్లల కొలత జాకెట్లు, నేను చెప్పిన పట్టీతో సహా, ఉండేలా చూడండి. పెద్దవాళ్లు నడిచి ఎక్కేలా మెట్లు, పట్టుకోవడానికి ఒక కమ్మీ కట్టించండి. మట్టం ఎక్కి దిగే జలాశయంలో మెట్లు కుదరవంటే నీటితోపాటు లేచి దిగే తేలే వేదిక పెట్టండి. అది కొత్త వస్తువేమీ కాదు.

కచ్చులూరు సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. మునిగిన ఆ పడవను చివరికి ఆ అక్టోబరులో పైకి తీసినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. ఇనుప తాళ్లు, లంగర్లు, నీళ్ల మీద బతికినవాళ్ల తెలివి కలిసి ఆ పని చేశాయి. ఆ తెలివి సోమశిలలోనూ ఉంది. మా పడవ ఆయన నీటి రంగు చూసి కింద రాయి ఉందో మట్టి ఉందో చెప్పాడు. మధ్యాహ్నం రెండు దాటాక గాలి అవతలి కొండ నుంచి తిరుగుతుందన్నాడు, రెండుంబావుకు తిరిగింది. ఆయన కొడుకు హైదరాబాదులో సరుకులు ఇంటింటికీ అందించే పని చేస్తున్నాడు. సోమశిల దగ్గర కృష్ణ మీద తీగల వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది. వంతెన రావాలి, నేను కాదనను. అవతలి ఒడ్డున ఆడపిల్లలున్న ఇళ్లకు, ఆసుపత్రికి పరుగెత్తే ఇళ్లకు దాని విలువ తెలుసు. అయితే వంతెన వచ్చిన రోజు నుంచి నది దాటించే పడవకు పని ఉండదు. పడవ పోతే ఆ తెలివి ఒక్క తరంలో పోతుంది. రోజు లెక్కన తీరికగా తిప్పే పడవలు ఆ కుటుంబాలకే ఇవ్వండి. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం పడవల నమోదు, తనిఖీ, నడిపేవాళ్ల అర్హతల గురించి చెబుతుంది. వాటిని మీరు వాళ్ల రేవుకే వచ్చి, తెలుగులో చెప్పి, శిక్షణ ఇచ్చి చేయించండి. కాగితాలు పూర్తి చేయలేదని చిన్నవాళ్లను పక్కకు నెట్టి, నదిని ఎప్పుడూ చూడని ఒక పెద్ద గుత్తేదారుకు రేవు మొత్తం రాసివ్వకండి. నన్ను క్షమించండి, ఈ ఒక్క విషయంలో నా గొంతు పెరుగుతుంది.

మూసీ గురించి ఎక్కువ రాయను, ఆ పని మీలో కొందరిదే కావచ్చు, కాకపోవచ్చు. 1908 సెప్టెంబరు 28న మూసీ వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టుకుని నగరం వరద నుంచి ఊపిరి పీల్చుకుంది. నది ఒడ్డు బాగుచేసే ఆలోచనలు ఇప్పుడు మళ్లీ నడుస్తున్నాయి. ఒడ్డున రోడ్లు, దీపాలు, తోటలు రావచ్చు. నా కోరిక ఒక్కటే: 1578 నుంచి నిలబడి ఉన్న పురానాపుల్ కమాను కింద నుంచి ఒక పిల్ల పడవలో వెళుతూ చేయి నీళ్లలో పెడితే, ఆ తల్లి "తీయ్, తీయ్" అని అరవకుండా ఉండే రోజు రావాలి. నది బాగుపడిందా లేదా అని ఎవరైనా కొలవాలంటే దాన్ని కొలతగా పెట్టుకోండి. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం చాలా కాలంగా ఉంది. అలాంటివి నగరానికి చాలినన్ని ఉండి, ఒక్క కాలువ కూడా శుద్ధి కాకుండా నదిలో పడనప్పుడే ఆ చేయి నీళ్లలో ఉండగలదు. అంతవరకు మా పిల్లలు నదిని చూడాలంటే కృష్ణ దాకా రావాల్సిందే, అందుకే కృష్ణ మీద మాకు చోటు అడుగుతున్నాను.

చివరిది అమ్మ తరఫున. సోమశిల రేవులో ఒక రాతిపలక పెట్టించండి. శ్రీశైలం నీళ్లలో మునిగిన ఊళ్ల పేర్లు, అన్నీ, ఒక్కటీ వదలకుండా, తెలుగులో చెక్కించండి. పేర్లు రెవెన్యూ రికార్డుల్లో ఉంటాయి. ప్రతి పేరు పక్కన అది నది మీద ఏ కొండకు ఎదురుగా, ఏ పాయ పక్కన ఉండేదో పడవలు నడిపేవాళ్లను, ఇంకా బతికున్న ముసలివాళ్లను అడిగి ఒక బొమ్మ గీయించండి. పడవ నడిపేవాళ్లు ఆ చోటు వచ్చినప్పుడు ఊరి పేరు చెప్పి ఒక్క నిమిషం ఆపనివ్వండి. మా అమ్మ ఈడువాళ్లు ఇంకో పదిహేనేళ్లు ఉంటారో లేదో. వాళ్లు పోయాక ఒంటెమూపురం కొండ ఎవరి అరుగుకు ఎదురుగా ఉండేదో చెప్పేవాళ్లు ఉండరు.

ఆ సాయంత్రం నాలుగున్నరకు రేవు చేరినప్పుడు సూర్యుడు కొండల మీదకు దిగుతున్నాడు. అమ్మ మళ్లీ పలక మీద కూర్చుని జరిగింది. ఒడ్డెక్కాక పడవ ఆయన్ను అడిగింది, నీళ్లు ఎప్పుడు తగ్గుతాయని. ఏప్రిల్‌కు చాలా దూరం తగ్గుతాయి, కొన్నేళ్లు పాత గోడల మొదళ్లు కూడా బయటపడతాయని చెప్పాడు. అప్పుడు వస్తానంది అమ్మ. మేం తీసుకువస్తాం. మీరు ఈలోపు ఇంకేమీ చేయలేకపోయినా, ఆ పలక పక్కన పట్టుకోవడానికి ఒక కమ్మీ పెట్టించండి. మా అమ్మ తన ఊరికి నిలబడి వెళుతుంది.

ఇట్లు,
వనస్థలిపురం నుంచి ఒక ఉపాధ్యాయురాలు